ఓడినవారిని అడుగుడి



గడచిన వేసవి సెలవులలో మా సంఘ యౌవనుడొకడు అట్టమీద గళ్లు గీసి ఒక క్రొత్త ఆటను సిద్ధపరచెను. గళ్లలో చెలకలు, బావులు, తోటలు. వేయుటకు గవ్వలు, సొమ్మునకు చింతగింజలు. మొదట తలకొక చెలక. ఇతరుల గడిలో దిగినవారు గింజలు చెల్లించవలెను. "అయ్యగారూ, పిల్లలచేత ఆడించి చూతము" అని అతడు కోరగా, చౌటుప్పల్‌లోని మా యింటి అరుగుమీద నలుగురిని కూర్చుండబెట్టితిమి.

అరగంటలో ఒక పిల్లవాడు బావులన్నియు కొనివేసెను. ఒక చిన్నది గింజలన్నియు పోగొట్టుకొని, "తమ్మీ, ఒక్క గింజ అప్పియ్యి" అని అడిగినను వాడు ఇయ్యలేదు. మేము వానిని గద్దించితిమి. వాడు కన్నీళ్లతో, "ఆట అట్లనే ఉన్నది గదా అయ్యగారూ" అనెను. మరునాడు ఆ చిన్నదే బావులు కొనెను. ఆమెయు ఎవరికిని అప్పియ్యలేదు. మేము తొందరపడి గద్దించితిమని గ్రహించితిమి. తప్పు పిల్లలదా, నియమముదా?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. అమెరికాలో ఎలిజబెత్ మేగీ అను స్త్రీ 1904లో "భూస్వామి ఆట"కు పేటెంటు పొందెను. భూమి కొందరి చేత చిక్కినయెడల మిగిలినవారి గతి యేమగునో చూపుటయే ఆమె ఉద్దేశము. ఆమె రెండు విధముల నియమములు ఏర్పరచెను. ఒకదానిలో ఒకడు అందరిని దివాలా తీయించి గెలుచును. మరియొకదానిలో సంపద పెరిగినప్పుడు అందరును లాభపడుదురు. లోకము మొదటిదానినే ముచ్చటపడి పట్టుకొనెను. 1935లో పార్కర్ బ్రదర్స్ వారు అమ్మనారంభించిన మొనాపొలీకి మూలము అదియే.

మేమును నియమము మార్చితిమి. లేవీయకాండము 25వ అధ్యాయములోని సునాదసంవత్సరమువలె పది చుట్లకొకసారి చెలకలు మొదటివారికి తిరిగి రావలెను. ద్వితీయోపదేశకాండము 15వ అధ్యాయము చొప్పున అప్పులు కొట్టివేయవలెను. చిన్నది ఆట ముగియువరకు ఆడెను. అయితే మొదట అప్పిచ్చిన పిల్లలే పదవ చుట్టు దగ్గరపడగానే చేతులు ముడుచుకొనిరి! విడుదల సమీపించినదని బీదవానికి ఇయ్యక మానరాదని ఆ అధ్యాయము 9వ వచనము ఏల హెచ్చరించెనో అప్పుడు మాకు బోధపడెను.

హృదయము మంచి నియమమును ఎగవేయగలదు. నియమమును మించి ఇయ్యనుగలదు. మాకు చేరువనున్న పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావే గారి యెదుట భూమిలేనివారు 80 ఎకరములు అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరములు ఇచ్చెదననిరి. ఏ చట్టమును ఆయనను బలవంతపెట్టలేదు. అయినను మంచి మనస్సు పుట్టువరకు నియమమును అట్లే విడిచిపెట్టుట, గింజలు లేని చిన్నదానికి న్యాయము కాదు.

మా సంఘములో కోతపండుగనాడు కానుకల మొత్తములను పేరుపేరున చదువు వాడుక ఉండెను. ఒక విధవరాలు ఆ ఒక్క దినము రాకుండుట చూచి, భక్తి తక్కువని తలంచితిమి. ఈ ఆట చూచిన తరువాత వెళ్లి అడిగితిమి. "నా పేరు కడాకు వచ్చును అయ్యగారూ" అని తల వంచుకొనెను. ఆ వాడుక మానివేసితిమి. మానవలసినదని మాకు మేముగా తోచియుండలేదు. మేము ఎన్నడును ఆ వరుసలో కడను నిలువలేదు.

కాబట్టి ప్రియులారా, మీ యింటిలోనైనను, సంఘములోనైనను ఒక నియమము మంచిదో కాదో తెలియగోరినయెడల గెలిచినవారిని అడుగకుడి. గింజలు లేక చూచుచు కూర్చున్నవారియొద్దకు వెళ్లి అడుగుడి.