ఋణమును గృహమును

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అను సామెత మన పెద్దలది. ఈ రెండు కార్యములును గృహస్థుని శక్తిని పరీక్షించునవని దాని తాత్పర్యము. నేటి మధ్యతరగతి గృహస్థునకు మూడవ పరీక్ష యొకటి యేర్పడినది. అది కట్టిన యింటిని నిలువబెట్టుకొనుట. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇరువది సంవత్సరముల వాయిదాలపై ఒక ఫ్లాటు కొని, జీతములో పెద్దభాగమును దానికే చెల్లించుచు, మిగిలినది చాలక క్రెడిట్ కార్డుతో సంసారము నీడ్చుకొనివచ్చు కుటుంబములు అనేకములు గలవు. పిల్లల బడిఫీజు, తల్లి ఆసుపత్రి ఖర్చు, పండుగకు బట్టలు, చెల్లెలి పెండ్లికి కానుక, ఇవి యొక్కొక్కటియు విడిగా చూచినపుడు సమంజసముగనే తోచును. అన్నియు కూడిన పిదప అప్పు తలకు మించియుండును. అప్పుడా గృహస్థుడు ఏమి చేయవలెను? తనకున్న ఒక్క ఆస్తియగు ఇంటిని ఆ ఋణమునకు ఒడ్డవచ్చునా? ఒడ్డకున్నచో బాకీ యెగగొట్టినవాడగునా? ఇది లెక్కల ప్రశ్నవలె గనబడును గాని దీని మూలమున ధర్మప్రశ్న యొకటి యున్నది.

లెక్క తెలియని ధర్మవిచారణ నిష్ఫలము గావున మొదట లెక్కనే చూతము. ఒక గృహస్థునకు కార్డులమీద 6 లక్షల రూపాయల బాకీ కలదనుకొందము. వడ్డి నెలకు నూటికి 3 రూపాయల 50 పైసలు. ఇది మన దేశమున కార్డులకు అరుదైన రేటు కాదు. మొదటి నెల వడ్డి 21,000 రూపాయలు. ఆ వడ్డిపై నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. 3,780 రూపాయలు. ఆతడు నెలకు 30,000 రూపాయలు కట్టినచో అసలులో తగ్గునది 5,220 రూపాయలు మాత్రమే. ఇకమీదట ఆ కార్డుతో ఒక్క రూపాయియైనను ఖర్చు చేయక, ప్రతినెలయు తప్పక 30,000 కట్టుచు వచ్చినను బాకీ తీరుటకు సుమారు 43 నెలలు పట్టును. కట్టిన మొత్తము దాదాపు 12 లక్షల 96 వేలు. బిల్లుపై ముద్రింపబడిన “కనీస మొత్తము” మాత్రమే కట్టుచుండువాడు ఈపాటి వేగముతో కూడ నడువలేడు. ఆ మొత్తము బాకీతోపాటు తగ్గుచు, విముక్తిని దూరదూరముగా జరుపుచుండును.

ఇట్టి స్థితిలో సలహా చెప్పువారు మొట్టమొదట చూపు మార్గము ఇల్లు. గృహఋణముపై అదనపు ఋణము తీసికొనుము, లేదా ఇంటి దస్తావేజులు తాకట్టు పెట్టుము, దానితో కార్డులను తీర్చివేయుము అందురు. సంవత్సరమునకు నూటికి 9 చొప్పున ఆ 6 లక్షలు దొరకినవనుకొందము. మొదటి నెల వడ్డి 4,500 రూపాయలే. మునుపు కార్డునకు కట్టుచున్న 30,000 రూపాయలనే యీ అప్పునకు కట్టువాడు 22 నెలలలో విముక్తుడగును. వడ్డి సుమారు 52,500 రూపాయలతో సరిపోవును. ఇంతకన్న మేలేమున్నది అని యెవరికైనను తోచును.

అయితే మనుష్యస్వభావమును కూడ లెక్కలో చేర్చవలెను. చౌకవడ్డి అప్పు చేతికి వచ్చిన వెంటనే నెలసరి వాయిదాను తగ్గించుకొనవలెనను కోరిక పుట్టును. అదే 6 లక్షలను 20 సంవత్సరములకు పంచినచో నెలకు 5,398 రూపాయలే. ప్రాణము తెరపిన పడినట్లుండును. కాని 240 నెలలలో కట్టు మొత్తము ఎంత? 12 లక్షల 95 వేల 600 రూపాయలు! 42 వంతుల వడ్డికార్డు 43 నెలలలో తినివేసినంత ధనమును 9 వంతుల వడ్డిఋణము 20 ఏండ్లలో మెల్లమెల్లగా తినివేయుచున్నది. రూపాయి విలువ కాలక్రమమున తగ్గును గావున ఈ రెండును సర్వసమానములని చెప్పరాదు. ఐనను, వడ్డి తగ్గినంతమాత్రమున ఋణభారము తగ్గినదని సంతోషించువానికి ఈ లెక్క మంచి మందు. ఒక్కసారిగా వసూలు చేయు వడ్డి అసలునకు సమానమైన మొత్తమును మించరాదని మనుస్మృతి యెనిమిదవ అధ్యాయమున నియమము గలదు. ఆ ప్రాచీనుల కొలతతో చూచినచో, ఈ రెండు దారులందును హద్దు దాటిపోయినదే.

ఇంతవరకు ధనము మాట. ఇక మార్పు చెందునది వడ్డి యొక్కటియే కాదని గ్రహింపవలెను. ఋణముయొక్క జాతియే మారిపోవుచున్నది. కార్డుబాకీకి ఏ వస్తువును తాకట్టులో లేదు. బ్యాంకు తన సొమ్ము రాబట్టుకొనుటకు సివిలుకోర్టున దావా వేసి, డిక్రీ పొంది, ఆపైన జప్తునకు రావలెను. అట్టి జప్తు ఇంటిమీదికి రాదని కాదు, రావచ్చును. కాని నడుమ న్యాయస్థానమొకటి యుండును, చెప్పుకొనుటకు అవకాశముండును. తాకట్టుపెట్టిన యింటి సంగతి వేరు. 2002వ సంవత్సరపు సర్ఫేసీ చట్టము ననుసరించి, వాయిదాలు తప్పి ఖాతా మొండిబాకీగా మారిన పిమ్మట, బ్యాంకు 60 దినముల నోటీసు ఇచ్చి, దావా లేకయే యింటిని స్వాధీనపరచుకొని అమ్ముకొనవచ్చును. అనగా, నిన్నటివరకు ఒక మనుష్యుని మాటపై నిలిచియున్న అప్పు నేడు ఆతని పైకప్పుమీద నిలిచినది.

ఆ పైకప్పుక్రింద నిద్రించువారెవరు? దస్తావేజులో పేరు ఒకరిదో యిద్దరిదో యుండవచ్చును. కాని అందు భార్య యున్నది, చదువుకొను పిల్లలున్నారు, మంచముపట్టిన తల్లి యున్నది. వీరెవరును కార్డు గీకినవారు కారు; ఆ బిల్లులను కన్నులజూచినవారు కూడ కారు. చట్టము ఇంటిని యజమానుని ఆస్తియనును. ధర్మమో, అది ఆశ్రయమనును. తన ఆస్తిని ఒడ్డుటకు మనుష్యునికి అధికారము కలదు. ఇతరుల ఆశ్రయమును వారికి తెలియకుండ ఒడ్డుటకు ఎవ్వరికిని అధికారము లేదు. ఈ వ్యాసమునందు నేను నొక్కి చెప్పదలచిన మాట యిదియే.

మన స్మృతికారులు ఈ విషయమును తమ రీతిని విచారించిరి. కుటుంబార్థమై చేసిన ఋణమునకు కుటుంబము బద్ధమగుననియు, జూదమునకును మద్యమునకును తండ్రి చేసిన ఋణమును కొడుకు తీర్పనక్కరలేదనియు యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. ఈ విభాగమునందు గొప్ప వివేకము గలదు. కాని అందొక లోపమును గలదు. ఏది కుటుంబార్థమో నిర్ణయించువాడెవడు? సంసారమును నడుపు పురుషుడొక్కడే నిర్ణయించుచు వచ్చెను. తన గొప్పకై చేసిన విందును కూడ కుటుంబగౌరవార్థమని ఆతడు చెప్పుకొనగలడు. తండ్రిబాకీ తీర్చుట కొడుకునకు పుణ్యధర్మమను కారణముచేతనే కోర్టులు కొడుకుమీదికి పోవు పద్ధతి 2005వ సంవత్సరపు హిందూ వారసత్వ సవరణచట్టముతో, ఆ తరువాత చేయబడిన ఋణముల విషయమున, తొలగిపోయినది. చట్టము కొడుకును విడిపించినది గాని, ఇల్లు తాకట్టున పడినచో ఆ కొడుకు తలదాచుకొను చోటును ఏ చట్టము విడిపింపగలదు?

“ఇంటిగుట్టు లంకకు చేటు” అని చెప్పి అప్పుసంగతి దాచువారు కలరు. విభీషణుడు గుట్టు చెప్పినది శత్రువునకు. భార్య శత్రువా? ఎదిగిన కూతురు శత్రువా? బయటివారికి చాటనక్కరలేని మాటను ఇంటిలోనివారికి కూడ దాచుట గుట్టు కాదు, మోసము. కొందరు సంతకము తీసికొనుటయే సమ్మతి తీసికొనుట యని భ్రమింతురు. “బ్యాంకు కాగితము వచ్చినది, ఇక్కడ సంతకము పెట్టు” అనగా వంటయింటినుండి చేయి తుడుచుకొనుచు వచ్చి సంతకము చేసి పోవు ఇల్లాలు దేనికి సమ్మతించినట్లు? బాకీ యెంత, వడ్డి యెంత, వాయిదా తప్పినచో జరుగునదేమి, ఈ మూడును తెలిసి, వలదనుటకు కూడ అవకాశముండి చేసినదే సమ్మతి.

ఇక తక్కిన మార్గములను తూచిచూతము. బంగారము కుదువబెట్టుట మన యిండ్లలో అలవాటైన పని. ఇంటికన్న బంగారము పోయిన నష్టము తక్కువ యనుట నిజమే. కాని యింటిలోని నగలు సామాన్యముగా స్త్రీధనము. అది భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి కాదనియు, భర్త ఆపత్కాలమున వాడుకొన్నను తిరిగియిచ్చుట ఆతనికి నైతికబాధ్యత యనియు 2024 ఏప్రిలులో సుప్రీముకోర్టు చెప్పినది. కావున ఆమె తనంతట ఇచ్చినచో దానిని ఆమెకు బాకీపడిన సొమ్ముగా వ్రాసికొనవలెను. అడిగి విసిగించి తీసికొనరాదు.

తాకట్టు లేని వ్యక్తిగత ఋణమును తీసికొని కార్డులను తీర్చుట మరియొకటి. వడ్డి గృహఋణముకన్న హెచ్చు, కార్డుకన్న చాల తక్కువ. ఇల్లు ప్రమాదమున పడదు. జీతము నిలుకడగా నున్నవానికి ఈ హెచ్చువడ్డి ఇంటివారి నిశ్చింతకై చెల్లించు మూల్యమని నేననుకొందును.

బ్యాంకుతో మాటలాడి, బాకీలో కొంత తగ్గించుకొని తీర్చుకొనుట ఇంకొకటి. ఇది అవమానకరమనియు, అన్యాయమనియు కొందరు మర్యాదస్తులు తలంతురు. దీనియందు వివేచన వలయును. చెల్లించు శక్తి యుండియు ఆస్తిని దాచి, లేదని యేడ్చి తగ్గించుకొనుట దొంగతనమే. శక్తి నిజముగా నుడిగినవాడు లెక్కలన్నియు ఎదుట పెట్టి, ఇంతమాత్రము ఇయ్యగలను అనుట సత్యము పలుకుట. దానిని బ్యాంకు తెలిసియే ఒప్పుకొనుచున్నది. “సెటిల్డ్” అను మాటను ఆతని పరపతిచరిత్రలో వ్రాసి, మరల అప్పు పుట్టుట కష్టమగునట్లును చేయుచున్నది. ఇచ్చిన మాట తప్పినందులకు ఆ శిక్ష చాలును.

ఐ.పి. పెట్టుట మన జిల్లాలలో పాత మాట. 1920వ సంవత్సరపు ఇన్సాల్వెన్సీ చట్టము క్రింద దివాలాదారుడని నిర్ణయమైన పిదప ఆతని ఆస్తి, చట్టము మినహాయించినది తప్ప, కోర్టు అధీనమునకు పోవును. ఇల్లు కాపాడుకొనుటకు ఐ.పి. పెట్టుదునని తలంచు గృహస్థుడు పామునకు వెరచి పుట్టలో దాగినవాని వంటివాడు.

కడపటిది ఇల్లు అమ్ముట. ఈ మాట వినగానే మనవారికి గుండె ఝల్లుమనును. “అద్దెయింటికి పోయినాడు” అను లోకుల మాటకు వెరచి, నిలుపలేని యింటిని నిలుపుటకై పదిచోట్ల అప్పులు చేయువారెందరో! జీతము చాలదని స్పష్టముగా తెలిసినపుడు, బ్యాంకు వేలము వేయకమునుపే తానే మంచి ధరకు అమ్మి, గృహఋణమును కార్డుబాకీని తీర్చి, మిగిలినదానితో చిన్నయింటికి మారుట పరాజయము కాదు. వేలమునకును విక్రయమునకును నడుమనున్న ధరభేదము పిల్లల చదువునకు సరిపోవచ్చును. ఇల్లనగా ఇటుకలు కావనియు, అందలి మనుష్యులనియు తెలిసినవాడే ఈ పని చేయగలడు.

తప్పంతయు ఋణస్థునిదేనా? కాదు. కట్టలేనివాడని తెలిసికొనగల సాధనములన్నియు చేతనుంచుకొని కార్డుమీద కార్డు ఇచ్చినవారికి కూడ ఇందు భాగము గలదు. నూటికి 30 మించిన వడ్డి అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషను 2008లో తీర్పు చెప్పగా, ఆ తీర్పును సుప్రీముకోర్టు 2024 డిసెంబరు 20వ తేదీన కొట్టివేసినది. వడ్డిరేటు సంగతి రిజర్వు బ్యాంకు పరిధిలోనిదని దాని భావము. చట్టము అనుమతించినది గనుక న్యాయమనియు చెప్పజాలము. అన్యాయమని తోచినది గనుక చేసిన సంతకము చెల్లదనియు చెప్పజాలము. వసూలుదారులు ఉదయము 8 గంటలకు ముందును సాయంకాలము 7 గంటల తరువాతను ఫోనుచేయరాదని, బెదిరింపరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో ఆదేశించినది. ఋణస్థుడు అపరాధి కాడు. ఆతనికిని మర్యాద గలదు. ఈ మాట ప్రతి యింట తెలియవలెను. ఏలయన, అప్పుకన్న అవమానమునకు వెరచి ప్రాణము తీసికొనినవారి వార్తలను మనము చదువుచునే యున్నాము. ఆరు లక్షలు కాదు, అరువది లక్షలైనను ఒక ప్రాణమునకు వెల కాజాలవు. పోయినవాడు బాకీని తీర్చి పోవుటయు లేదు.

కాబట్టి క్రమమిది. మొదట ఇంటివారందరిని కూర్చుండబెట్టి బాకీ మొత్తమును దాచక చెప్పవలెను. పిదప కార్డులను వాడుట మానవలెను. కార్డు చేతనుండగా ఇల్లు తాకట్టు పెట్టుట చిల్లికుండలో నీరు పోయుటయే. తరువాత తాకట్టు లేని మార్గములను వెదకవలెను. ఇంటిమీద అప్పు తప్పనిదే యైనచో, అందరి యెరుకతో, మునుపటి వాయిదాను తగ్గింపక, రెండు మూడేండ్లలో తీర్చునట్లు తీసికొనవలెను. వ్యక్తులు వ్యాపారేతరముగా తీసికొనిన మారువడ్డి ఋణములను ముందుగా తీర్చినందులకు జరిమానా వేయరాదని రిజర్వు బ్యాంకు 2014లోనే బ్యాంకులకు చెప్పియున్నది గావున, గడువు దీర్ఘమైనను తొందరగా తీర్చుటకు అడ్డు లేదు. అదియు పొసగనిచో అమ్మవలెను.

ఈ క్రమమున మొదటి మెట్టు అన్నిటికన్న చౌకది. దానికి వడ్డి లేదు, పన్ను లేదు, పూచీకత్తు లేదు. ఐనను గృహస్థులు దానినే కడపటికి విడిచిపెట్టుచున్నారు. బ్యాంకువాడు నోటీసు అంటించినపుడు గాని భార్యకు తెలియని అప్పు, ఆ యింటిని నోటీసునకు ఎంతో ముందే బీటలు వార్చినదని తెలియవలెను. చదువరులు ఈ మాసపు బిల్లు వచ్చినపుడు దానిని ఒంటరిగా విప్పక, భోజనముల తరువాత నలుగురియెదుట విప్పుదురు గాక.