రథమును కాపాడుకొనుట

గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగిన రెండు మాసములకు విశ్రాంత ఉపాధ్యాయుడొకరు మమ్ము చూడవచ్చిరి. “స్వామీ! దేహము నేను కానని ఇన్నేండ్లుగా చదువుచుంటిని. ఇప్పుడో, వేళకు మాత్రలు, లెక్కకు నడక, ఉప్పు తగ్గించిన భోజనము. దినమంతయు దేహసేవయే అయినది. నా చదువు వ్యర్థమైనట్లేనా?” అని అడిగిరి.

ఈ సంశయము పలువురకు కలుగునదే. దేహమును కాపాడుకొనుట దేహాభిమానమగునా?

మొదట చికిత్స స్వరూపమును తెలిసికొందము. గుండె కండరమునకు రక్తము నందించు ధమనులలో క్రొవ్వు పేరుకొని దారి ఇరుకైనపుడు, కాలినుండి తీసిన సిరను గాని, రొమ్ము లోపలి ధమనిని గాని అతికి, అడ్డునకు ఆవల రక్తము చేరునట్లు వేరొక దారి నేర్పరతురు. అర్జెంటీనా దేశీయుడగు రెనే ఫవలోరో 1967 లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున కాలిసిరతో ఈ చికిత్స చేసి, దానిని వ్యాప్తికి తెచ్చెను. అయితే దీనివలన పాత అడ్డు తొలగదు. దానిని కలిగించిన కారణములును తొలగవు. పొగాకును మానక, రక్తపోటును, మధుమేహమును అదుపున నుంచుకొననిచో క్రొత్త దారియు క్రమముగా ఇరుకు కావచ్చును. దారి నిచ్చుట వైద్యుని వంతు. నిలుపుకొనుట రోగి వంతు.

కోసిన రొమ్ము ఎముక అతుకుకొనుటకు సుమారు 6 నుండి 12 వారములు పట్టును. అంతవరకు బరువు లెత్తరాదు. ఆ దినములలో అలసట, నిద్రలేమి, దిగులు కొందరిని బాధించును. వీనిని భక్తిలోపముగా భావించి కుమిలిపోవలదు. దిగులు వారముల తరబడి వీడనిచో దానినికూడ వైద్యునకు చెప్పవలెను.

ఇక ప్రశ్నకు వత్తము. కఠోపనిషత్తు శరీరమును రథముతోను, ఆత్మను రథికునితోను పోల్చినది. తాను రథమును కానని తెలిసినంతమాత్రమున రథికుడు ఇరుసునకు కందెన వేయుట మానునా? మానినచో దానికి వైరాగ్యమని పేరు పెట్టరాదు, అది అలసత్వము. అట్లని దినమంతయు ఇరుసునే చూచుచు కూర్చుండువాడు ప్రయాణమును మరచినవాడు. మాత్ర అందరును మ్రింగవచ్చును. మ్రింగిన పిమ్మట మనస్సు ఎచటికి పోవుచున్నదో చూచుకొన్నచో అభిమానమున్నదో లేదో తెలియును.

“నడచి వచ్చిన పిమ్మట ఏమి చేయుదురు, మాస్టారూ?” అని అడిగితిమి.

“నాడి చూచుకొందును.”

“ఇంతకుముందు?”

“వీధిలోని పిల్లలకు లెక్కలు చెప్పెడివాడను.”

“వైద్యులు వలదనిరా?”

ఆయన కొంతసేపు మౌనము వహించి, “లేదు స్వామీ, భయము వలదన్నది” అనిరి.

భయమే అభిమానము. ఆయనకు భారమైనది మాత్రలు గాని, నడక గాని కాదు. వాని వెనుక దాగిన ఆ భయమే. ఆయువును పొడిగించుటకు వైద్యశాస్త్రము తోడ్పడును. ఆ ఆయువు ఎందులకో నిర్ణయించుకొనవలసినవారము మనమే.

“సాయంకాలము పిల్లలను రమ్మందును” అని చెప్పి, ఆయన మెల్లగా మెట్లు దిగిపోయిరి.