సాధనమూ దృక్పథమూ

కళాకారుడు తన పనిముట్టును ఎన్నుకోవడం కేవలం సాంకేతిక విషయమా? లేక అందులో నీతి ప్రసక్తి కూడా వున్నదా? నల్లగొండ జిల్లా ఫ్లోరైడు గ్రామాలను గురించి కొద్దిపాటి ఖర్చుతో ఒక డాక్యుమెంటరీ తీయదలచిన మా విద్యార్థులు ముందుగా నన్నడిగిన మాట, ఏ కెమెరా తీసుకోవాలి, ఏ ఫార్మాటులో తీయాలి అని. తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఆ ప్రశ్నలో మన పాత వస్తు శిల్ప వివాదమే వినిపించింది.

ఈ విషయంలో రెండు వాదాలున్నాయి. వస్తువు గొప్పదైతే చాలు, కెమెరా ఏదైనా ఒకటే అంటారు కొందరు. క్యూబా దర్శకుడు గార్సియా ఎస్పినోసా 1969లో "అసంపూర్ణ సినిమా" కావాలని వాదించినప్పటి నుంచి ఈ పక్షానికి బలం చేకూరింది. దృశ్యం నాణ్యంగా లేకపోతే ప్రజలు చూడరు, పేదవాళ్ళ కథ గనుక పేదగా తీయవచ్చుననడం వాళ్ళను అవమానించడమే అంటారు మరికొందరు. ఇందులోనూ సత్యం లేకపోలేదు. అయితే ఉభయులూ కెమెరాను ప్రాణంలేని యంత్రంగానే లెక్కగడుతున్నారు. దానికి ఒక ధర వున్నది, ఆ ధర వెనుక ఒక కాలనియమం వున్నది. ఈ సంగతిని ఇద్దరూ మరచిపోతున్నారు.

పదహారు మిల్లీమీటర్ల ఫిల్ములో 400 అడుగుల చుట్ట పదకొండు నిమిషాలకు అయిపోతుంది. తెలంగాణా రైతాంగ పోరాటాన్ని చిత్రించిన "మా భూమి" నాటికి, అంటే 1979 నాటికి, సినిమా తీసేవారికి ప్రతి అడుగూ డబ్బే. 1995లో వచ్చిన డిజిటల్ వీడియో క్యాసెట్టు ఒక్కటి గంటసేపు నడిచేది. నేడు జేబులో పట్టే కార్డు మీద పూటంతా తీయవచ్చు. కాని పెద్ద కెమెరాను నేటికీ రోజు లెక్కన అద్దెకు తేవలసిందే. అద్దె కెమెరాకు తొందర ఎక్కువ. పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వలసపోయిన కూలీ ఇంటికి ఎప్పుడు వస్తాడో ఆ అద్దె రశీదుకు తెలియదు. వచ్చినవాడు నోరు విప్పడానికి ఎన్ని సాయంత్రాలు పడుతుందో అసలే తెలియదు. అద్దె గడువు ముంచుకొచ్చే కొద్దీ తీసేవాడు తనకు కావలసిన మాటను ఎదుటివాడి నోట పలికిస్తాడు. సొంత ఫోను నెలరోజులైనా వేచివుంటుంది. అందుచేత ఇద్దరు ముగ్గురు విద్యార్థుల బృందానికి మంచి ఫోను, లేదా పాతదైనా సొంత కెమెరా మేలని నా అభిప్రాయం.

అంతమాత్రాన ఫోను నిర్దోషి కాదు. అది స్వతంత్రించి బొమ్మను దిద్దుతుంది. చీకటికి వెలుగు అద్దుతుంది, ముఖం మీది గీతలను నునుపు చేస్తుంది. పంటి మీద మచ్చలే సాక్ష్యమైన చోట ఈ సౌందర్యసేవ అబద్ధమాడటంతో సమానం. సాహిత్యంలో యథార్థాన్ని తీయబరిచే రచనలను మనం విమర్శిస్తాము. యంత్రం చేసే ఆ పనిని ఉపేక్షించడం న్యాయమా? కనుక అందం దిద్దే ఏర్పాటును తీసివేయాలి; వెలుగునూ రంగునూ చేతితో నిలిపి వుంచాలి.

ఇంతకన్న ముఖ్యమైనది ఎత్తు. జహీరాబాదు దగ్గర పస్తాపూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు గత శతాబ్దం చివరి సంవత్సరాల్లో వీడియో నేర్చుకున్నారు. బి.టి. పత్తి వేసి నష్టపోయిన వరంగల్లు రైతుల మీద 2003లో వారు చిత్రం తీశారు. పై నుంచి కిందికి చూసే దృశ్యానికి వారు పెట్టుకున్న పేరు "పటేల్ షాట్". కింది నుంచి పైకి చూసేది బానిస చూపు. కంటికి కన్ను సమంగా వుండేది "సంఘం షాట్". సినిమా శాస్త్రం కోణాలని పిలిచే వాటిలో వారు వర్గ సంబంధాలను గుర్తుపట్టారు.

ఈ పాఠం మర్రిగూడ వంటి మండలంలో మరీ అవసరం. నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ హద్దు మీరిన నీళ్ళను ఏళ్ళ తరబడి తాగి వెన్ను వంగిన మనిషి కన్ను నేలవైపే వుంటుంది. నిలబడి తీస్తే ఆ మనిషి ఒక వ్యాధికి నమూనా అవుతాడు. కెమెరా నేల మీద కూర్చుంటే అతడు మాట్లాడే మనిషవుతాడు. నడుము కంటె కిందికి దిగని బరువైన స్టాండు అక్కడ పనికిరాదు. మరొక మాట: వంగిన దేహాలను ఇన్నేళ్ళుగా ఎందరో ఫొటో తీసుకుపోయారు. కెమెరాలో స్పష్టత ఎంత పెరిగితే దేహాన్ని ప్రదర్శనకు పెట్టే ప్రలోభం అంత పెరుగుతుంది.

ఇక ఫార్మాటు. 4కె మోజు మనకు అక్కరలేదు. ఊరి గోడ మీద చూపడానికి 1080 గీతలు చాలు. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 గిగాబైట్లు. 50 అయితే అందులో సగం. రెండు నకళ్ళు రెండుచోట్ల దాచాలంటే ఈ తేడా చిన్నది కాదు. మన కరెంటు 50 సైకిళ్ళది గనుక సెకనుకు 25 ఫ్రేములు, 50వ వంతు షట్టరు పెట్టుకుంటే దీపాల మినుకు పడదు. పొదుపు చేసిన డబ్బు మైకుకు పోవాలి. బొమ్మ మసకబారితే జనం ఓర్చుకుంటారు. పాలమూరు యాస వినపడకపోతే మాత్రం ఆ మనిషి సాక్ష్యమే పోయినట్టు. చివరి నకలు మామూలు ఫోనులో ఆడే ఫైలుగా వుండాలి. తమను తీసిన చిత్రాన్ని తాము చూడలేని ప్రజలు ఆ చిత్రానికి ముడిసరుకు మాత్రమే.

నాగార్జునసాగరానికి 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. ఆ ఆనకట్ట బొమ్మ మనందరికీ తెలుసు; దానికి రాళ్ళు మోసిన వాళ్ళ ముఖాలు ఎందరికి తెలుసు? ఆనాడు కెమెరాలు కొద్దిమంది చేతుల్లోనే వుండేవి. నేడు ఆ కూలీల మనుమల జేబుల్లో కూడా వున్నాయి. ఉత్పత్తి సాధనం చేతికి వచ్చినంత మాత్రాన దృక్పథం దానంతట అది రాదు. కనుక కెమెరాను ఎన్నుకొనేటప్పుడు మన యువకులు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది మనిషి కోసం ఎంతకాలం వేచివుండగలదు? ఎంత కిందికి దిగగలదు? తీసినదాన్ని మళ్ళీ ఆ ఊరికి చేర్చగలదా? ధర, కంపెనీ, గీతల లెక్క ఆ తరువాతి సంగతులు.