ఏ కరెంటు నాది?

రొయ్యకి ఏ కరెంటైనా ఒకటే. మైనస్ 18 డిగ్రీలు నిలబడితే చాలు. సరుకు పోర్టుకి వెళ్ళేదాకా దాన్ని ఆ చలిలో ఉంచడం మా కోల్డ్ స్టోరేజీ పని, దానికయ్యే ఖర్చు రాయడం నా పని. ఆ ఖర్చుల్లో కరెంటు బిల్లుది పెద్ద పద్దు. ఈ మధ్య కరెంటు అమ్మేవాళ్ళు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని మా గేటు దాకా రావడం మొదలెట్టాక, లెక్కకి లొంగని ప్రశ్న ఒకటి నన్ను పట్టుకుంది. సింహాచలం కొండ కింద పెరిగినవాణ్ణి. ఇలాంటివి వచ్చినప్పుడు కొండ మీది అప్పన్న స్వామి వైపు తిరగడం మా వీధిలో అందరికీ ఉన్న అలవాటే.

చిన్నప్పుడు ఎంచుకోవడమన్న మాటే లేదు. కరెంటంటే బోర్డు. ఇస్తే వెలుగు, లేకపోతే కిరసనాయిలు దీపం. 1999లో ఆ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా చీలింది. మరుసటేడు కరెంటు పంపిణీకి డిస్కంలు పుట్టాయి, విశాఖ కేంద్రంగా ఈపీడీసీఎల్ వచ్చింది. 2003 విద్యుత్ చట్టం ఓపెన్ యాక్సెస్ అని తలుపు తీసింది. మెగావాట్ పైన వాడేవాళ్ళు నచ్చినచోట కొనుక్కోవచ్చు, తీగలు మాత్రం డిస్కంవే. 2022 జూన్ నాటి కేంద్ర నిబంధనలతో ఎండ, గాలి కరెంటుకైతే 100 కిలోవాట్ల లోడున్నా సరిపోతోంది. ఇంటి మీటరుకి ఇంకా ఆ యోగం పట్టలేదు.

ఈ ఎంచుకోవడం చూస్తే శ్రీవైష్ణవుల్లో ఉన్న పాత తగవొకటి గుర్తొస్తుంది. కోతిపిల్ల తల్లిని తనే కరుచుకుంటుంది, పిల్లిపిల్లని తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. జీవుడు ఏ పిల్లలాంటివాడు? వేదాంత దేశికుల మార్గంవాళ్ళు కోతిపిల్ల అంటారు, నీ ప్రయత్నం కొంతైనా ఉండాలని. పిళ్ళై లోకాచార్యుల మార్గంవాళ్ళు పిల్లిపిల్ల అంటారు. బోర్డు కాలంలో మేమంతా పిల్లిపిల్లలమేనని, ఇప్పుడు కోతిపిల్లలమయ్యామని ఆఫీసులో సరదాగా అన్నాను. అన్నాక అనుమానమొచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊళ్ళో స్తంభాలన్నీ పడగొట్టినప్పుడు, ఎవరి దగ్గర కొన్నవాడికైనా చీకటి ఒక్కటే. పక్క జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్లు తడి మట్టిలో గోతులు తవ్వి మళ్ళీ స్తంభాలు నిలబెడితే గానీ కంప్రెసర్లు తిరగలేదు. ఆ స్తంభాన్ని ఎంచుకున్నది నేను కాదు.

మొన్న వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడు. "మీకు అనంతపురం గాలి కరెంటు ఇస్తామండీ" అన్నాడు. గాలి అనంతపురంలోనే వీస్తుంది, నిజమే. కానీ గ్రిడ్‌లో పడ్డ కరెంటు మీద ఎవరి పేరూ ఉండదు. అది దగ్గర దారి చూసుకుని పోతుంది. మా కంప్రెసర్లలో తిరిగేది చాలామటుకు పరవాడ ఎన్టీపీసీ నుంచి వచ్చేదే అయ్యుంటుంది. ఆ కేంద్రం పేరు కూడా సింహాద్రే. అప్పన్న కొండ పేరు పెట్టుకుని తాల్చేరు బొగ్గు కాలుస్తోంది. మరి నేను కొనేదేమిటి? ఒక ఒప్పందం. రోజుని పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి, ఏ ముక్కలో ఎంత వాడతామో ముందురోజే చెప్పాలి. అక్కడ అమ్మకందారు అంతే గ్రిడ్‌లో పోయాలి, ఇక్కడ మేము అంతే తోడుకోవాలి. తేడా వస్తే డబ్బు కట్టాలి. పూజకి కూర్చుని దేశకాలాలు చెప్పి నీళ్ళు ముట్టుకునే సంకల్పానికీ దీనికీ నాకు పెద్ద తేడా కనపడలేదు.

అయితే ఇది ఉత్త కాగితమేనా? అలా కొట్టిపారేయను. మా నాన్న తిథికి కొండ మీద అన్నదానానికి డబ్బు కడతాను. ఆ రోజు ఉడికిన బియ్యం నా రూపాయలతో కొన్నది కాదని తెలుసు. అయినా ఆ పంక్తి ఆయన పేరునే లేచిందని నమ్ముతాను, నమ్మడం తప్పని ఏ శాస్త్రం తెలిసినవాడూ నాతో అనలేదు. అన్నీ కలిసిపోయే గుండిగలో ఎవరి గింజ ఎవరిదని వెతకరు. కానీ ఒక షరతు ఉంది. నేను కట్టినందుకు ఎక్కడో ఒకచోట ఒక శేరు ఎక్కువ ఉడకాలి. ఎప్పుడో నిలబెట్టేసిన గాలిమర, దాని కరెంటు ఎలాగూ ఎవరో ఒకరు వాడుకుంటున్నదే అయితే, నేను కొన్నంత మాత్రాన మారింది రసీదు మీద పేరే. బొగ్గు ఒక్క తట్టయినా తగ్గలేదు. అందుకే ఆ కుర్రాణ్ణి ధర తర్వాత చెబుదువుగాని, ఆ మరలు ఎప్పుడు పెట్టారని అడిగాను. ఆ ప్రశ్న ఎవరూ అడగరండీ అన్నాడు.

అసలు ముడి సర్‌ఛార్జీ దగ్గరుంది. మాలాంటి పెద్ద వాడకందార్లు యూనిట్‌కి అయ్యే ఖర్చుకంటే ఎక్కువ కడతారు, ఆ పైడబ్బు చిన్న శ్లాబుల ఇళ్ళ రేటుని కాస్త కిందికి దించుతుంది. మేము డిస్కంని వదిలి బయట కొంటే ఆ వాటా పోతుంది కాబట్టి క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జీ కట్టమంటుంది చట్టం. వ్యాపారులు దీన్ని జరిమానా అంటారు. నేననను. రేట్లు పెంచినందుకు జనం రోడ్డెక్కి, 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పుల దాకా వెళ్ళిన రాష్ట్రం మనది. ఒకరి బిల్లులో కోత ఇంకొకరి ఇంట్లో ఏమవుతుందో మనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?

ఈ సర్‌ఛార్జీ నుంచి తప్పుకునే దారీ ఒకటుంది. నలుగురు వాడకందార్లు కలిసి ఒక ప్లాంటులో కనీసం 26 శాతం వాటా కొని, దాని కరెంటులో కనీసం 51 శాతం తామే వాడుకుంటే, అది సొంత కరెంటు కిందికి వస్తుంది. 2005 నిబంధనల్లో ఉన్న మాటే. సొంతానికి సర్‌ఛార్జీ లేదు. అదే తీగ, అదే పరవాడ బొగ్గు కలిసిన కరెంటు. ఒక షేరు కాగితం చేతికొస్తే "నాది" అయింది, పక్కింటివాడికివ్వాల్సిన బాకీ చెరిగిపోయింది. అహంకార మమకారాలు వదలమని కొండ మీద ప్రవచనాల్లో ఎన్నిసార్లు విన్నానో! మమకారానికి యూనిట్‌కి ఇంతని రాయితీ ఇచ్చే చోటు ఉంటుందని మాత్రం ఏ ప్రవచనకారుడూ చెప్పలేదు.

చట్టం ఇచ్చిన వెసులుబాటు వాడుకుంటే పాపమని అనడం లేదు. తన డబ్బుతో మర నిలబెట్టి, నష్టం నెత్తినేసుకున్నవాడిది నిజంగానే సొంతం. నాకు మింగుడుపడనిది, అక్కడేముందో చూడకుండా కేవలం సర్‌ఛార్జీ తప్పించుకోవడానికి కొనే వాటా. మా ఓనరుగారికి ఇచ్చిన నోటులో ఆ రెండింటికీ వేరువేరు వరసలు గీశాను. కొత్తగా కట్టే ప్లాంటులో వాటా అయితే సరేనన్నాను. పాతదాంట్లో అయితే సర్‌ఛార్జీ కట్టి బయట కొందాం, లేదా ఈపీడీసీఎల్‌నే పచ్చ కరెంటు ఇమ్మని అడుగుదాం, 2022 నిబంధనలు అలా అడిగే హక్కు కూడా ఇచ్చాయి అని రాశాను. యూనిట్‌కి తేడా ఎంతో పక్కన పెన్సిలుతో వేశాను. ఆయన చదివి, "ఈ తేడాకి బిల్లులో పేరేం పెడతావయ్యా?" అన్నారు. పవర్ అండ్ ఫ్యూయల్ కిందే రాస్తానన్నాను. ఆడిటరు వేరే హెడ్డు ఒప్పుకోడు.