గడియారముతో పందెము

మన చైతన్యపురిలో సాయంకాలమున మెట్రో స్తంభముల క్రింద బండ్లు నిలిచిపోయినప్పుడు, ఎంత తొందర గలవాడైనను ముందువాడు కదలినగాని కదలజాలడు. అందుచేతనే కాబోలు, ఒక్క మనుష్యుడు ఖాళీ బాటపై తన కాలిసత్తువతో పోవు దృశ్యము నన్ను చిరకాలముగా ఆకర్షించుచున్నది. టూర్ ద ఫ్రాన్సు సైకిలు యాత్రలో గడియారముతో పందెము జరుగు దినమున నేను భోజనమునకైనను లేవను. (మా యింటివారు దీనిని పిచ్చి యందురు, నేను వాదింపను.)

ఆ దినమున పందెగాండ్ర నొక్కొక్కరినే కొంత యెడముతో విడుతురు. ఇతరుని వెనుక గాలిచాటున సాగుట నిషిద్ధము. అంతవఱకు అగ్రగామియైనవాడు కట్టకడపట బయలుదేరును; ముందుపోయినవారి కాలములన్నియు వాని నెత్తిపై బరువులే. దీనికి సత్యపు పందెమని పేరు. గడియారమునకు కులము లేదు, సిఫారసు లేదు. కావున అది చెప్పినదే న్యాయమని నేనును నమ్మితిని.

కాని యా సత్యమెంత? 1989 జూలై 23న వెర్సాయి నుండి ప్యారిసుకు జరిగిన 24.5 కిలోమీటర్ల పందెమున, 50 సెకండ్ల ఆధిక్యముతో బయలుదేరిన ఫిన్యోన్ 58 సెకండ్లు పోగొట్టుకొని, మూడువేల కిలోమీటర్లకు మించిన యాత్రను 8 సెకండ్లలో ఓడిపోయెను. గెలిచిన లెమాండు క్రొత్తరకపు చేతిపిడులతో, గాలిని చీల్చు శిరస్త్రాణముతో వచ్చెను. ఫిన్యోన్ తలపై టోపియైన లేదు. పైగా జీనుపుండుతో బాధపడుచుండెను. పుండును గడియారము లెక్కింపదు. లెక్కింపరాదు కూడ, లెక్కించినచో పందెమే లేదు. అయినను చూచువాని కా నిబంధన లేదు గదా!

2020 సెప్టెంబరు 19వ తేదీ రాత్రి రోగ్లిచ్ తన దేశస్థుడే యైన పొగాచర్‌తో పోరాడుచు, వంకరయైన శిరస్త్రాణముతో కొండ యెక్కుచు, క్షణక్షణము కాలమును పోగొట్టుకొనుచుండగా నా కన్నులు చెమర్చెను. అప్పుడే తలుపుగంట మ్రోగెను. భోజనపు పొట్లము తెచ్చిన యువకుడు. కోవిడు ముసుగు చాటున ముఖము కానరాలేదు. క్రింద గోడకు సైకిలు ఆనించి మూడంతస్తులు ఎక్కివచ్చెను. పది నిమిషములు ఆలస్యమైనదని గద్దించితిని. అతడు కారణము చెప్పబోయి మానెను. నేనిచ్చు నక్షత్రములు అతని పనికి ముప్పు తేగలవని అతనికి తెలియును, నాకును తెలియును.

ఆట వేఱు, పని వేఱు అందురు. నిజమే. ఆటలో ఓడినవానికి మఱుసటి యేడు గలదు. వెంట కారులో మరమ్మతుగాండ్రు గలరు. ఇతనికి దిల్‌సుఖ్‌నగరు కూడలి మాత్రమే గలదు. 2021లో మన నగరముననే సైకిలుపై తేనీరు చేర్చిన యొక యువకునికి జనులు చందాలు వేసి మోటారుబండి కొనియిచ్చిరి. మంచిపనియే. కాని గడువును గూర్చి మనలో నెవ్వరమైన అడిగితిమా? ఆ గడువు పెట్టినది వర్తకుడే యైనను, దానికి కాలము కొలుచువారము మనమే.

ఆ రాత్రి తలుపు మూసి వచ్చునప్పటికి పందెము ముగిసెను. 57 సెకండ్లు ముందున్న రోగ్లిచ్ 59 సెకండ్లు వెనుకబడి నేలపై కూర్చుండియుండెను. కొంతసేపటికి లేచి, తన్ను గెలిచినవానిని కౌగిలించుకొనెను. మెట్లపై అడుగుల చప్పుడు అప్పటికే ఆగిపోయినది.