మొక్కులో మన వంతు



మీ పిల్లలెవరైనా చదువు కోసమో, ఉద్యోగం కోసమో ఐరోపాలో ఉంటే, ఈ వేసవిలో స్విట్జర్లాండులోని ఫీష్ గ్రామానికి వెళ్లి రమ్మని చెప్పండి. బ్రిగ్ పట్టణం నుండి రోన్ నది వెంట కారులో పైకి వెళితే ఆ ఊరు వస్తుంది. అక్కడ కేబుల్ కారెక్కి 2,212 మీటర్ల ఎత్తున దిగి, కొండదారిన నడిస్తే మెర్యెలెన్ సరస్సు, దాని పక్కనే ఆలెచ్ హిమానీనదం కనిపిస్తాయి. ఏండ్ల తరబడి కురిసిన మంచు గడ్డకట్టి, తన బరువుకు తానే మెల్లగా దిగువకు జారే మంచునది అది. సుమారు 20 కిలోమీటర్ల పొడవుతో ఆల్ప్స్ పర్వతాలలో అతి పెద్దది. ఉదయం ఎక్కినవారు సాయంత్రానికి దిగి రావచ్చు.

ఆ మంచును చూసేవారు దానితో ముడిపడిన మొక్కును కూడా తెలుసుకోవాలి.

ఒకప్పుడు ఆ మంచంటే అక్కడివారికి ప్రాణభయం. మంచు పెరిగి పచ్చిక బయళ్లమీదికి వచ్చేది. మంచుగోడ ఆపిన సరస్సు నీరు ఒక్కసారిగా తెగి లోయను ముంచేది. అందుచేత 1678లో ఫీష్, ఫీషెర్‌తాల్ గ్రామాల కతోలిక ప్రజలు తాము సన్మార్గంలో జీవిస్తామనీ, మంచు పెరగకుండా ప్రార్థిస్తామనీ దేవునికి మొక్కుకున్నారు. 1862 నుండి ఏటా ప్రదక్షిణ కూడా చేస్తూ వచ్చారు.

తరువాత మంచు తగ్గసాగింది. 19వ శతాబ్దపు మధ్యకాలం నుండి ఇప్పటికి 3 కిలోమీటర్లకు పైగా వెనుకకు పోయింది. బొగ్గు, చమురు మండించి మనుషులు భూమిని వేడెక్కించడమే ఈనాటి కరుగుదలకు ముఖ్య కారణం. ఆ మంచు నీరే మాసా నదిగా పారి రోన్ నదిలో కలుస్తుంది. మంచు పోతే ఆ నీరూ తగ్గిపోతుంది. కనుక మొక్కును మార్చుకొనడానికి అనుమతించమని ఆ ప్రజలు రోమును వేడుకున్నారు. 2010లో, 16వ బెనెడిక్టు పాపుగారి కాలంలో, అనుమతి లభించింది. మంచు పెరగవద్దని వేడుకున్నవారి సంతతి నేడు మంచు కరగవద్దని వేడుకుంటున్నది.

మొక్కు మరీ ఎక్కువగా ఫలించిందని నవ్వేవారుంటారు. కాని ఆ మొక్కులో రెండు భాగాలున్నాయని మరువకండి. దేవుని అడిగిన భాగం మారింది. సన్మార్గంలో జీవిస్తామన్న భాగం మారలేదు. దానిని మార్చమని ఎవరూ అడగలేదు కూడా.

గుణదల కొండ మెట్లెక్కే మనకు మొక్కు కొత్తది కాదు. కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, తలనీలాలు భక్తితో సమర్పిస్తాము. మంచిదే. అయితే అందులో మన నడవడి ఎంత? భర్త తాగుడు మానాలని భార్య మోకాళ్లమీద కొండ ఎక్కుతుంటే, ఆయన కొండ కిందనే తాగి పడి ఉంటే ఎలా? వానల కోసం పూజ చెప్పించిన ఊరిలోనే చెరువును పూడ్చి ఇండ్లు కట్టుకుంటే, ఆ పూజలో మనం దేవునితో ఏమి చెప్పినట్లు?

దానియేలు గ్రంథం 3వ అధ్యాయంలో అగ్నిగుండంలోని ముగ్గురు యువకులు మంచును కూడా ప్రభువును స్తుతింప పిలిచారు. సృష్టి మన ఉమ్మడి గృహమని ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో తమ విశ్వలేఖ ద్వారా బోధించారు.

ఈ ఆదివారం సాయంత్రం ఇంట జపమాల ముగిశాక మీ పాత మొక్కులను తలచుకొనండి. ఒక్కొక్క మొక్కుకు మీ వంతుగా ఏమి చేస్తారో పిల్లలు వినగా చెప్పండి. మాట తప్పితే వారే గుర్తు చేస్తారు. ఆ మాట నిలుపుకొనే శక్తిని ప్రభువు మీకు అనుగ్రహించునుగాక. ఆమెన్.