శరణు వేడిన మూగజీవము

“శరణు శరణార్థి” యని ఒకరినొకరు పలుకరించుకొనుట శివభక్తుల ఆచారము. ఆ మాట పలుకుట సులభము. శరణు వేడి వచ్చిన ప్రాణిని చేరదీయుట కష్టము. వచ్చినది మూగజీవమైనచో పరీక్ష మరింత కఠినము. మనుష్యునికి మేలు చేసిన నాలుగు మంచిమాటలు వినవచ్చును. నోరులేని ప్రాణికి చేసిన మేలును ఎవరు చాటుదురు?

నేడు నగరములలో పగ్, పామెరేనియన్, షిట్జు వంటి చిన్నజాతి కుక్కలు ఇల్లు కోల్పోయి వీధిపాలగుచున్నవి. 2003లో ఒక టెలిఫోను సంస్థ ప్రకటనలో చిన్నపిల్లవాని వెంట నడచిన పగ్‌ను చూచి ఎందరో ముచ్చటపడిరి. అట్లు బొమ్మవలె కొన్నవారికి అది బొమ్మ కాదని పిదప తెలియును. కుక్క నోరు తెరచి రొప్పుటచేతనే ముఖ్యముగా ఒంటివేడిని తగ్గించుకొనును. పగ్ ముట్టె అణగియుండుటచే ఆ పని సరిగా సాగదు. కావున మన వేసవి దానికి ప్రాణాపాయము. షిట్జు వెండ్రుకలు దువ్వకున్న ఉండలు కట్టును. చిన్నజాతులకు పండ్ల వ్యాధులు, మోకాటిచిప్ప తొలగుట తరచుగా కలుగును. ఖర్చు పెరిగెనని, ఊరు మారితిమని, ముసలిదైనదని చెప్పి దానిని ఏ సందు మొగలోనో విడిచిపోవుదురు. పిల్లల అమ్మకమునకై పెంచి, ఈనుట ఉడిగిన పిదప వెడలగొట్టబడిన తల్లికుక్కలును వానిలో కలవు. ఇంట పెరిగిన ఆ ప్రాణికి వాహనములను తప్పించుకొనుట తెలియదు, పోరాడి తినుట తెలియదు.

ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును అకారణముగా విడిచివేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. ప్రాణులయెడ కరుణ చూపుట పౌరుని కర్తవ్యమని 1976లో జరిగిన 42వ సవరణ మన రాజ్యాంగమున చేర్చినది. పండ్రెండవ శతాబ్దిలోనే బసవేశ్వరుడు దయను ధర్మమునకు పునాదిగా బోధించెను. దొంగలు ఆయన ఆవులను తోలుకొనిపోగా, తల్లులు లేక దూడలు అలమటించునని వానినిగూడ వారికే పంపించెనని పెద్దలు చెప్పుదురు. సొమ్ము పోయిన వేళ సొమ్మును గాక దూడ ఆకలిని తలచిన హృదయమది.

“ఇష్టలింగపూజ జరుగు ఇంట కుక్కకు చోటెట్లు?” అని కొందరు పెద్దలు శంకింతురు. ఈ శంకను త్రోసివేయక విచారింపవలెను. జనన, మరణ, రజస్సు, ఉచ్ఛిష్ట, జాతి యను పంచసూతకములు లింగధారికి లేవని శరణుల సిద్ధాంతము. పుట్టుకచేత మనుష్యుడు అపవిత్రుడు కానప్పుడు, పుట్టుకచేతనే ఒక మూగజీవము అపవిత్రమనుట పొసగునా? పాల్కురికి సోమనాథుని బసవపురాణమున శునకముచేత వేదము చదివించిన భక్తుని కథ కలదు. జన్మాహంకారమును అణచుటకే ఆ కథ.

అయితే సూతకము లేదనుట శుచి వలదనుట కాదు. పూజాస్థలమును వేరుగా ఉంచుకొనవచ్చును. కుక్కను శుభ్రముగా ఉంచి, నులిపురుగుల మందు వేయించి, రేబీస్ టీకాను వైద్యుడు చెప్పిన కాలమునకు తప్పక వేయింపవలెను. ఇది ఇంటివారికిని ఇరుగుపొరుగువారికిని రక్ష.

ఆహార విషయమున మరియొక సందేహము కలుగును. పిల్లివలె కాక, కుక్కను సరిగా కూర్చిన శాకాహారముతో పోషింపవచ్చును. కాని ఉత్త పెరుగన్నము చాలదు. మాంసకృత్తులు మొదలగునవి ఎంత కావలెనో పశువైద్యుని అడిగి ఏర్పరచవలెను. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్ దానికి విషములు. ప్రసాదమే కదాయని కిస్‌మిస్ వేసిన తీపిని భక్తితో పెట్టినను కీడే కలుగును. తెలివి తోడులేని దయ ప్రాణిని కాపాడజాలదు.

చేరదీయుటకు ముందు ఇంటిల్లిపాదియు సమ్మతింపవలెను. చిన్నజాతి కుక్క పండ్రెండు, పదునైదేండ్లు బ్రతుకవచ్చును. నేడు ముచ్చటపడిన బాలుడు చదువుకై ఊరు విడిచిన నాడు దాని బాధ్యత ఎవరిదో ముందే నిశ్చయించుకొనవలెను. ఒకసారి విడువబడిన ప్రాణి మొదటి దినములలో మంచము క్రింద నక్కును, అన్నము ముట్టదు, ఇంటిలోనే మూత్రము విడుచును. దానిని కొట్టరాదు, వేళకు ఆహారము పెట్టి, ఒకే చోట పడక వేసి, అది తానై దగ్గరకు వచ్చువరకు ఓర్చవలెను. ఆ ఓర్పు వారములు పట్టవచ్చును, నెలలు పట్టవచ్చును. బయటికి తీసికొనిపోవునప్పుడు మెడపట్టెను లాగక, రొమ్ముకు కట్టు పట్టీని వాడుట మేలు. చిన్నకుక్కల శ్వాసనాళము సుకుమారము.

ఈ భారమును మోయజాలనివారు మొదటనే కాదనుట ధర్మము. తెచ్చుకొని మరల విడుచుట మొదటి గాయమును రేపుటయే. అట్టివారు చేరదీసిన ఇంటికి వైద్యపు ఖర్చులో తోడ్పడవచ్చును. మఠములు భక్తులకు ఈ విషయమై బోధింపవచ్చును, వేసవిలో వాకిట నీటితొట్టె ఉంచవచ్చును.

కాయకముచే ఆర్జించినదానిని “నేను దాసుడను” అను భావముతో పంచుటయే దాసోహము. “నేను దీనిని ఉద్ధరించితిని” యని తలచిన క్షణమున అది దాసోహము కాక గర్వమగును. చూపు మందగించిన ముసలికుక్క కృతజ్ఞత చూపకపోవచ్చును, పిలిచిన రాకపోవచ్చును. అయినను వేళకు దాని పళ్లెము నిండవలెను. బదులు కోరక ప్రతిదినము సాగిన ఆ సేవ శివునికి చేరును. “శరణు” అను మాట అట్టి ఇంట సార్థకమగును.